గుడ్డ కింద మన చెయ్యి లేని బేరం

పాత కారు అమ్మడం ఇప్పుడు చాలా తేలిక, ఫోన్లో నాలుగుసార్లు నొక్కితే చాలు, అరగంటలో డీలర్లంతా పోటీ పడి రేటు పెంచుతారు.. అని మా నాన్నకు చెప్పింది నేనే. చెప్పిన పాపానికి ఇప్పుడు కూర్చుని ఇది రాస్తున్నాను.

ముందే ఒక మాట. కంపెనీ పేరు రాయను. నా గొడవ ఒక కంపెనీతో కాదు, ఈ మొత్తం తంతుకి "వేలం" అని పేరు పెట్టడంతో.

గార్లదిన్నె పక్కన మాకు మూడెకరాల చీనీ తోట ఉంది. పోయిన ఎండాకాలం ఉన్న ఒక్క బోరూ ఎండిపోయింది. అనంతపురం వాళ్లకు ఈ కథ చెప్పనక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెబుతున్నా, ఏడాదికి ఐదున్నర వందల మిల్లీమీటర్ల వాన పడే నేల మాది, అదీ పడితే. వేరుశెనగ అయితే ఒక పంట పోయిందని ఊరుకోవచ్చు. చీనీ చెట్టు ఎండితే ఏడెనిమిదేళ్ల కష్టం ఎండినట్టు. ట్యాంకర్లతో నీళ్లు తోలి చెట్లు బతికించుకునేవాళ్లు మా చుట్టుపక్కల ఎంతమందో. కొత్త బోరు వేయాలి, డబ్బు కావాలి, ఇంట్లో అమ్మగలిగింది 2014 మోడల్ స్విఫ్ట్ డీజిల్ ఒకటి. ఏపీ 02 నంబరు. నాన్న దాన్ని ఎద్దును చూసుకున్నట్టు చూసుకున్నాడు, అతిశయోక్తి కాదు.

గుత్తి రోడ్డులో తెలిసిన బ్రోకరు ఒకాయన రెండు లక్షల అరవై వేలు ఇస్తానన్నాడు. నేను బెంగళూరు నుంచి ఫోన్లోనే నవ్వాను. "యాప్‌లో మూడు లక్షల నలభై చూపిస్తాంది నాన్నా, ఆయనకు ఇచ్చేదేంది" అన్నాను.

ఆ మూడు లక్షల నలభై వేలు ఏమిటో తర్వాత అర్థమైంది. అది రేటు కాదు, ఎర.

ఇద్దరు కుర్రాళ్లు ఇంటికొచ్చి గంటన్నర పరీక్ష చేశారు. మర్యాదస్తులే, పాపం వాళ్లననేదేం లేదు. ఇంజన్ శబ్దం రికార్డు చేశారు, పెయింటు మందం కొలిచారు, టైర్ల గాడులు కొలిచారు, ఓ వంద ఫోటోలు తీశారు. మరుసటి రోజు అరగంట వేలం. నేను ఆఫీసులో మీటింగు వదిలేసి స్క్రీను చూస్తూ కూర్చున్నా. అంకె పెరుగుతోంది. ఎవరు పెంచుతున్నారో తెలీదు, ఎంతమంది ఉన్నారో తెలీదు. రెండు లక్షల తొంభై రెండు వేల దగ్గర ఆగింది. వెంటనే ఫోను. "సార్, మార్కెట్ డౌన్ సార్, డీజిల్ ఎవరూ అడగట్లేదు సార్, నేను మా మేనేజర్‌తో మాట్లాడి ఇంకో మూడు వేలు ఇప్పిస్తా సార్, కానీ ఈ ఆఫర్ సాయంత్రం ఆరు వరకే."

అంటే వేలం అయిపోయాక బేరం మొదలైందన్నమాట. వేలమంటేనే బేరం అక్కర్లేకుండా రేటు తేల్చే పద్ధతి కదండీ!

సరే అన్నాం. బోరు బండి వాడికి అడ్వాన్సు ఇచ్చేశాం మరి. మూడో రోజు కారు తీసుకెళ్లడానికి వచ్చినవాడు మళ్లీ బానెట్ ఎత్తాడు. ఎడమ డోరు రీపెయింట్ అట, క్లచ్ అరిగిందట, ముప్పై వేలు తగ్గించాలట. ఆ డోరుని మొదటి కుర్రాళ్లే కొలిచి ఫోటో తీశారు కదా అంటే "అది ఇన్‌స్పెక్షన్ టీమ్ సార్, మాది హ్యాండోవర్ టీమ్" అన్నాడు. మొత్తానికి చేతికొచ్చింది రెండు లక్షల అరవై ఐదు వేలు. గుత్తి రోడ్డు బ్రోకరు చెప్పినదానికి ఐదు వేలు ఎక్కువ. ఆ ముప్పై వేలుంటే బోరు ఇంకో రెండొందల అడుగులు దిగుండేది.

నాన్న ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "ఏమిరా, సంతలో ఎద్దులు అమ్మేటప్పుడు కూడా గుడ్డ కిందే బేరం జరుగుతాది. కానీ గుడ్డ కింద ఒక చెయ్యి మనదే ఉంటాది గదరా. దీంట్లో మన చెయ్యి యాడుంది?"

పశువుల సంత చూడనివాళ్లకు చెప్పాలి. దళారీలు తుండుగుడ్డ కప్పి దాని కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని రేటు చెప్పుకుంటారు. చుట్టూ ఉన్నవాళ్లకు తెలీదు, ఆ రెండు చేతులకే తెలుస్తుంది. చదువుకున్నవాళ్లం దాన్ని చూసి అనాగరికం అంటాం. కానీ అక్కడ అమ్మేవాడికి కొనేవాడి వేళ్లు తగులుతాయి. వాడు ఒక వేలు ముడిస్తే వీడికి తెలుస్తుంది. యాప్ చేసిందల్లా ఆ గుడ్డని పెద్దది చేసి, అమ్మేవాడి చేతిని బయటికి లాగేయడం.

ఇక్కడ "పల్లెటూరోళ్లకు టెక్నాలజీ అర్థంకాక గోల" అనేవాళ్లుంటారు కాబట్టి కాస్త టెక్నాలజీ భాషలోనే మాట్లాడుకుందాం. 1970లో జార్జ్ ఆకెర్లాఫ్ అనే ఆర్థికవేత్త పాత కార్ల బజారు మీదే ఒక పేపర్ రాశాడు, దాని పుణ్యాన 2001లో నోబెల్ వచ్చింది. ఆయన చెప్పింది ఏమిటంటే, డొక్కు కారేదో మంచి కారేదో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలీదు, కాబట్టి కొనేవాడు అన్నిటికీ డొక్కు రేటే ఇస్తాడు, మంచి కార్లవాళ్లు బజారుకే రారు అని. పరీక్షలు, రిపోర్టులు, గ్యారంటీలు అన్నీ ఈ జబ్బుకి మందు. బాగుంది. కానీ మా విషయంలో ఏం జరిగింది? మా కారు గురించి మాకన్నా వాళ్లకే ఎక్కువ తెలుసు, పెయింటు మైక్రాన్లతో సహా. ఆ కారుకి ఎవరెంత ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నారో కూడా వాళ్లకే తెలుసు. మాకు రెండూ తెలీదు. మా ఇంటి ముందు, మా కారుకి, మా సమయం తీసుకుని చేసిన పరీక్ష రిపోర్టు పూర్తిగా ఇవ్వమంటే "అది డీలర్లకే సార్" అన్నారు. ఆకెర్లాఫ్ జబ్బు నయం కాలేదు, మంచం మీద ఉన్న మనిషి మారాడంతే.

ఇంకో సంగతి. 1996లో బులో, క్లెంపరర్ అని ఇద్దరు లెక్కగట్టి చూపించారు. ఎంత నేర్పుగా బేరమాడినా వచ్చే లాభం కన్నా, వేలంలో నిజంగా పోటీ పడే ఇంకొక్క మనిషి చేరితే వచ్చే లాభమే ఎక్కువ అని. కాబట్టి వేలంలో అసలు ప్రశ్న "ఎంతకు పోయింది" కాదు, "ఎంతమంది పాడారు" అన్నది. ప్రకటనలో వేలాది డీలర్లు అంటారు. సరే, ఏపీ నంబరు డీజిల్ బండికి బెంగళూరు డీలర్ ఎందుకు పాడతాడు? కొడికొండ చెక్‌పోస్టు దాటితే వేరే రాష్ట్రం. ఎన్ఓసీ తేవాలి, కర్ణాటకలో మళ్లీ జీవితకాల పన్ను కట్టాలి, నంబరు మార్చాలి, ఇక్కడ కట్టిన పన్ను వాపసు కోసం ఆఫీసుల చుట్టూ తిరగాలి. మాకు రెండొందల కిలోమీటర్లలో దేశంలోకెల్లా పెద్ద కార్ల బజార్లలో ఒకటుంది, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో ఏడాదికి మూడు లక్షల కార్లు చేయగల కియా ఫ్యాక్టరీ ఉంది, అయినా మా పాత కారుకి పాడేవాళ్లు ముగ్గురో నలుగురో అయుంటారు. ఆ అంకె నాకు చూపించి ఉంటే ఆ వేలాన్ని నమ్మాలా, గుత్తి రోడ్డుకి పోవాలా అని నేనే తేల్చుకునేవాణ్ణి. దాన్ని దాచడంలోనే వ్యాపారమంతా ఉంది.

ఇదేమీ చేయరాని పని కాదు. 2004లో ఈబే మన బాజీ డాట్ కామ్‌ని కొన్న రోజుల్లోనే ఇంతకన్నా మర్యాదగా వేలాలు నడిచాయి. ఎన్ని పాటలు పడ్డాయో కనిపించేది, ఇంతకు తక్కువైతే అమ్మను అని అమ్మేవాడు రిజర్వ్ పెట్టుకునేవాడు, గెలిచినవాడు రెండోవాడి పాటకన్నా ఒక మెట్టు పైన కట్టేవాడు. ఇండియాలో ఆ దుకాణం 2018లో మూతపడింది, అది వేరే కథ. అంతెందుకు, రామనగరం పట్టుగూళ్ల మార్కెట్లో ఈ-వేలం చూడండి. మన హిందూపురం వైపు రైతులు కూడా గూళ్లు తీసుకెళ్తుంటారు. లాట్ పాడాక రేటు నచ్చకపోతే వద్దనొచ్చు, సరుకు కళ్లముందే ఉంటుంది, కొనేవాడు అక్కడే తిరుగుతుంటాడు. పట్టుపురుగుకున్న పాటి హక్కు కారుకి లేదా? :)

అలాగని మార్కెట్ యార్డులు దేవాలయాలని నేననను. మా చీనీకాయల మార్కెట్లో టన్నుకు ఇంత అని "సూటు" కింద తూకంలోనే కోసేస్తారు. చిన్నప్పటి నుంచి చూస్తున్నా. హ్యాండోవర్ రోజు కోసిన ముప్పై వేలు చూడగానే నాకు గుర్తొచ్చింది అదే. రేటు గట్టిగా చెప్పి తూకం దగ్గర కోయడం. లారీ ఎక్కాక రైతు కాయలు దింపుకోలేడు కదా, అడ్వాన్సు ఇచ్చేశాక మేము కారు ఆపుకోలేకపోయాం. ఫోన్లో జరిగినంత మాత్రాన సూటు సూటు కాకుండా పోదు.

రేటు తగ్గడానికి ఫోన్లో ఆ అమ్మాయి చెప్పిన ఇంకో కారణం "జీఎస్టీ పెరిగింది సార్". 2024 డిసెంబరులో జైసల్మేర్‌లో కూర్చుని కౌన్సిల్ పెంచిన మాట నిజమే, చిన్న పాత కార్ల మీద 12 శాతం నుంచి 18 శాతానికి. కానీ అది కారు ధర మీద కాదు, డీలర్ లాభం మీద. డీలర్ నలభై వేలు లాభం వేసుకుంటే పెరిగిన భారం రెండు వేల నాలుగు వందలు. దానికి నా దగ్గర ముప్పై వేలెందుకు కోయాలమ్మా అంటే లైన్ కట్ అయింది. నెట్‌వర్క్ అయ్యుండొచ్చులెండి.

ఇవన్నీ డబ్బు సంగతులు. వదిలేయొచ్చు. వదలలేనిది ఆర్సీ.

కారు పోయిన నాలుగో నెలలో నాన్న ఫోనుకి చలాను వచ్చింది. హైదరాబాదులో ఓవర్ స్పీడ్. ఆ టైములో నాన్న తోటలో డ్రిప్పు పైపులు సర్దుకుంటున్నాడు. చూస్తే ఆర్సీ ఇంకా నాన్న పేరు మీదే ఉంది. 28, 29, 30 ఫారాలన్నీ ఖాళీగా సంతకం పెట్టించుకెళ్లారు. అంటే డీలరు అసలు కొనేవాడు దొరికేదాకా కారుని, సంతకాల్నీ దగ్గర పెట్టుకుంటాడు, మధ్యలో ఎవరెవరో తిరుగుతుంటారు.

చలాను అంటే వెయ్యి రూపాయలు. మనిషిని గుద్దేసి ఉంటే? సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో ఈ సంగతి తేల్చేసింది. 2007లోనే కారు అమ్మేశానన్నాడు రిజిస్టర్డ్ ఓనరు. తర్వాత అది చాలా చేతులు మారింది. 2009లో ప్రమాదం, ఒకరి ప్రాణం పోయింది. అయినా ఆర్సీలో పేరు ఎవరిదో వాడే ఓనరు, పరిహారం బాధ్యత వాడిదే అంది కోర్టు. బాధితుడు ఓనర్ల గొలుసు వెనక పరిగెత్తాల్సిన పనిలేదు అని. బాధితుడి వైపు నుంచి చూస్తే నూటికి నూరు పాళ్లు న్యాయం. కానీ ఆ గొలుసులో మొదటి కొక్కెం మా నాన్న. మూడెకరాల తోట ఉన్న మనిషి.

దీనికి మందు కూడా చట్టంలోనే ఉంది, అదే నాకు ఒళ్లు మండే విషయం. 2022 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ రూల్సు మార్చింది, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చాయి. పాత బండ్లు కొని అమ్మే డీలరు రిజిస్టరింగ్ అథారిటీ దగ్గర అనుమతి తీసుకోవాలి. బండి అప్పగించినట్టు ఓనరు, డీలరు ఇద్దరూ ఫారం 29సి కింద ఆన్‌లైన్లో తెలపాలి. ఆ క్షణం నుంచి బాధ్యత డీలరుదే, చట్టం దృష్టిలో వాడే ఓనరు. టెస్ట్ డ్రైవ్, రిపేరు లాంటి పనులకు తప్ప బండి రోడ్డెక్కించకూడదు, ఎక్కిస్తే రిజిస్టరులో రాయాలి. అరపేజీ పని. పెయింటు మందం కొలిచే సాఫ్ట్‌వేర్ ఉన్నవాళ్లకు ఈ ఒక్క ఫారం నింపే బటన్ పెట్టడం చేతకాదంటే, అదే పని చేసుకుని బతికే నేను నమ్మను. అది రెండు స్ప్రింట్ల పని కూడా కాదు. పెట్టట్లేదంటే పెట్టకపోవడంలో ఎవరికో సుఖముంది.

ఏమాటకామాటే చెప్పాలి. డబ్బు అరగంటలో ఖాతాలో పడింది. గుత్తి రోడ్డు ఆయన అయితే సగం ఇచ్చి మిగతాది సంక్రాంతికి అనేవాడు. మా బావమరిది బెంగళూరులో ఐ20 ఇలాగే అమ్మాడు, చెప్పిన రేటుకే తీసుకున్నారు, నెలలో ఆర్సీ మారింది. వాడిది కేఏ నంబరు పెట్రోలు, పోటీ ఉంటుంది, వాడికి తొందర కూడా లేదు. కరువు కాలంలో ఎద్దుల్ని సంతకు తోలినవాడికి, పండిన ఏడాది తోలినవాడికి రేటు ఒకటే ఉండదని మా జిల్లాలో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. యాప్ పెట్టినవాళ్లు ఈ తేడా చెరిపేస్తామని కదా వచ్చింది? "ఆఫర్ సాయంత్రం ఆరు వరకే" అనేది తొందర్లో ఉన్నవాణ్ణి వెతికి పట్టుకునే వల.

పదకొండు మెయిళ్లు, రవాణా శాఖకి ఒక అర్జీ, ఒక లీగల్ నోటీసు బెదిరింపు తర్వాత ఐదో నెలలో ఆర్సీ మారింది. చలాను వెయ్యి మేమే కట్టాం. బోరులో ఒకటిన్నర అంగుళం నీళ్లు పడ్డాయి, చెట్లు సగం నిలబడ్డాయి.

నిన్న కదిరి నుంచి మా చిన్నాన్న ఫోన్ చేశాడు. వ్యాగన్ఆర్ అమ్మాలట, ఆ యాప్ ఏదో నీకు తెలుసంట గదా, నా ఫోన్లో ఎక్కించు అన్నాడు. ఎక్కిస్తా గానీ బండి ఇచ్చేటప్పుడు 29సి చేస్తారేమో ముందే అడుగు చిన్నాన్నా అన్నాను.

"అదేమిరా, ఫైనాన్సా?" అన్నాడు.