నమూనా సూత్రములు – భాషా విద్యార్థుల బాధ్యత

వేయి పేర్లు గల జాబితాను ఒక పద్ధతి నుండి మరియొక పద్ధతికి మార్చవలసి వచ్చినచో, పూర్వము గుమాస్తా దినముల తరబడి కూర్చుండి తిరుగ వ్రాయవలసి వచ్చెడిది. నేడు కంప్యూటరుకు ఒక్క పంక్తి సూత్రము నిచ్చినచో ఆ పని క్షణములో ముగియుచున్నది. ఇట్టి సూత్రములకు ఆంగ్లమున రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు అని పేరు. మనము వీనిని నమూనా సూత్రములు అందము. ఇవి కంప్యూటరు శాఖ వారికే చెందిన విద్య యనియు, తెలుగు, ఉర్దూ చదువువారికి వీనితో పని లేదనియు తలచువారు కలరు. ఆ అభిప్రాయము సరికాదని మా మనవి.

వీని పుట్టుక గణితమునందే. 1951లో స్టీఫెన్ క్లీనీ అను అమెరికా తర్కశాస్త్రజ్ఞుడు నాడీకణముల అల్లికను గూర్చి ఆలోచించుచు ఈ భావమును రూపొందించెను. ఆ వ్యాసము 1956లో అచ్చయినది. 1968లో కెన్ థాంప్సన్ దానిని వ్రాతలో వెదకు పద్ధతిగా ప్రకటించెను. 1970 దశకమున గ్రెప్, సెడ్ అను సాధనములు వెలసి, దీనిని అందరి చేతికి అందించినవి.

ఒక ఉదాహరణము చూతము. ఫైలులోని ప్రతి పంక్తియందును తేదీ 15-08-1947 అను రీతిగా ఉన్నది. సంవత్సరము ముందు రావలెను. వెదకవలసిన నమూనాను ([0-9]+)-([0-9]+)-([0-9]+) అని వ్రాయుదురు. చదరపు బ్రాకెట్టు ఏదైన ఒక అంకెను సూచించును. కూడిక గుర్తు అట్టివి ఒకటి గాని, అంతకు మించి గాని ఉండవచ్చునని చెప్పును. గుండ్రని బ్రాకెట్టు తనకు చిక్కిన దానిని జ్ఞాపకముంచుకొనును. మార్పును \3-\2-\1 అని వ్రాసినచో మూడవది ముందునకును, మొదటిది వెనుకకును పోయి 1947-08-15 వచ్చును. ఛందస్సు చదివినవారికి ఇది వింత కాదు. పదములు ఏవైనను భ, ర, న, భ, భ, ర, వ గణములు వరుసగా వచ్చినచో ఉత్పలమాల యందుము గదా! ఉర్దూ విద్యార్థి అరూజ్ నందు నేర్చునదియు ఇట్టిదే. అర్థమును కాక రూపమును చూచి గుర్తించుటయే ఈ సూత్రముల పని.

అయితే అంకెలు లొంగినట్లు పేర్లు లొంగవు. ‘పంక్తిలోని చివరి మాటను ఇంటిపేరుగా ముందునకు తెమ్ము’ అను సూత్రము పాశ్చాత్యుల పేర్లకు చాలవరకు సరిపోవచ్చును. దానిని మన జాబితాపై ప్రయోగించినచో గుర్రం జాషువా గారి ఇంటిపేరు జాషువా యగును. షేక్ అబ్దుల్ రహీం అను పేరు ‘రహీం, షేక్ అబ్దుల్’ అగును. అబ్దుల్ రహీం అనగా కరుణామయుని దాసుడు. విడదీసినచో ఆ అర్థమే చెడును. యంత్రము అభ్యంతరము చెప్పదు. అందరిని ఒకే గాట కట్టి పని ముగించును. మార్కుల పట్టికలో ఒక పేరు, ఆదాయ ధ్రువపత్రములో మరియొక పేరు గల విద్యార్థి ఉపకారవేతనమునకై ఎన్ని గడపలు ఎక్కి దిగవలెనో మన పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు.

లిపి విషయమును అంతే. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగునకు స్థానము లభించినది. కాని ‘స్త్రీ’ అని మనము ఒక్క అక్షరముగా చదువుదానిని అది ఆరు గుర్తులుగా దాచును. ‘ఏదైన ఒక అక్షరము’ అను అర్థమున సూత్రములో ఉంచు చుక్క సాధారణముగా ఆ ఆరింటిలో ఒక్కదానినే పట్టును. ఉర్దూ ‘యే’, ‘కాఫ్’ అక్షరములకును అరబ్బీ కీబోర్డులోని వానికిని వేర్వేరు సంఖ్యలు కలవు. కావున కంటికి ఒక్కటిగ కనిపించు ‘కరీం’ యంత్రమునకు రెండు పేర్లగుచున్నది.

ఇంత ప్రమాదమున్నప్పుడు చేతితోనే దిద్దరాదా యని కొందరడుగవచ్చును. వేయి పంక్తులు దిద్దునప్పటికి కన్ను అలసి క్రొత్త తప్పులు దొరలును. అవి ఎచ్చట దొరలెనో ఎవరికిని తెలియదు. సూత్రములోని తప్పు ఒక్కచోట నుండును గనుక ఒక్కచోట దిద్దినచో చాలును. మూలమునకు నకలు ఉంచుకొనుట, పది పంక్తులపై ముందు పరీక్షించుట, మారిన పేర్లను తెలిసినవారిచే చదివించుట – ఈ మూడును పాటించినచో భయమునకు తావు లేదు. మన పేర్లును, మన లిపులును ఎరిగినవారే ఈ సూత్రమును వ్రాయవలెననుటయే మా వాదము. ఆ ఎరుక ఉన్నది భాషాశాఖల విద్యార్థులకే.

కావున కళాశాల కార్యవర్గము వారికి మా విన్నపము: తెలుగు, ఉర్దూ శాఖలు కలిసి ఏటేట పది తరగతులు ఈ విద్యకు కేటాయింపవలెను. గ్రంథాలయములోని ఉభయభాషా పుస్తకముల పట్టికను సరిచేయుట తొలి అభ్యాసము కావచ్చును. ఇందుకు ధనవ్యయము దాదాపు లేదు; కంప్యూటరు గదియు ఉచిత సాధనములును చాలును. విద్యార్థులారా! మీ పేరు ఎట్లు వ్రాయవలెనో ఎరుగని సూత్రము చేతిలో దానిని విడిచిపెట్టవలదు. ఆ సూత్రమును మీరే వ్రాయ నేర్వుడు.