తుక్కు – తుప్పు

మా రామాపురంలో గాలి కూడా ఉప్పగానే ఉంటుంది. సముద్రం పక్కన కాపురం గదా! కిటికీకి కొత్త ఊచలు వేయించి నాలుగు వానాకాలాలు గడవకముందే పొలుసులు లేస్తాయి. ఈ ఊళ్లో ఇనుముకి ఆయుర్దాయం తక్కువ.

మా నాన్నగారికి ఒక సైకిలు ఉండేది. మగ్గం మీంచి దిగిన చీరలు మూటకట్టి, వెనక క్యారేజీ మీద పెట్టుకొని చీరాల వెళ్లి వచ్చేవారు. రాగానే భోజనం కాదు, ముందు సైకిలు. గుడ్డతో తుడిచి, గొలుసుకి నాలుగు చుక్కలు నూనె వేసి, అప్పుడు కాళ్లు కడుక్కొనేవారు. "దీనికి నోరు లేదురా, మనమే కనిపెట్టి చూడాలి" అనేవారు.

ఆయన పోయాక ఆ సైకిల్ని పెరట్లో కొబ్బరిచెట్టుకి చేరవేశాను. మూడేళ్లు దానివంక చూడలేదు. ఒకనాడు "పాత ఇనప సామానుకి ఉల్లిపాయలూ" అంటూ బండివాడు వచ్చాడు. పట్టుకుంటే మడ్‌గార్డు చేతికి పొడిపొడిగా రాలింది. రెండు కిలోల ఉల్లిపాయలిచ్చి తీసుకుపోయాడు. ఆ సాయంత్రం మా ఆవిడ వాటిని తరుగుతూంటే నాకు కళ్లవెంట నీళ్లు వచ్చాయి. ఉల్లిపాయ ఘాటనుకొంది. నేనూ అలాగే అనుకోనిచ్చాను.

ఈ పాత కథ ఇప్పుడెందుకంటే, మొన్న మనవణ్ణి వెంటబెట్టుకొని తెనాలి వెళ్లాను. చీరాలలో రైలెక్కితే బాపట్ల, నిడుబ్రోలు దాటి తెనాలి. ఆ ఊళ్లో కాటూరి వెంకటేశ్వరరావుగారూ, వారి కుమారుడు రవిచంద్రగారూ సూర్య శిల్పశాలలో పాత ఇనుముతో పెద్ద పెద్ద విగ్రహాలు చేస్తున్నారు. 75,000 నట్లు అతికి 10 అడుగుల గాంధీగారిని నిలబెట్టారు. 2021లో ప్రధాని మోదీగారి 14 అడుగుల విగ్రహం చేశారు. దానికి రమారమి 2 టన్నుల తుక్కు పట్టింది. మోటారు సైకిళ్ల గొలుసులు, పళ్లచక్రాలు, ఊచలు, బోల్టులు, అన్నీ అందులోవే.

ఇటువంటి బొమ్మని దూరంనుంచి చూస్తే మనిషి. దగ్గరికి వెళితే మరమ్మతు దుకాణం!

"తాతయ్యా, ఇది చైను కదూ?" అన్నాడు మావాడు.

చైనే. ఇందులో విశేషం అదేనండీ. కొలిమిలో కరిగించి పోతపోస్తే ఏ ముక్క ఎక్కడిదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. ఇక్కడ నట్టు నట్టుగానే ఉంటుంది, గొలుసు గొలుసుగానే ఉంటుంది. ఉన్నచోట ఉంటూనే అన్నీ కలిసి ఒక ముఖమవుతాయి. 1942లో పికాసో ఒక సైకిలు సీటునీ, హాండిల్‌నీ కలిపి ఎద్దు తల చేశాడు. అది పారిస్‌లో. తెనాలిని మనం ఆంధ్రా పారిస్ అంటాం. పేరు నిలబెట్టుకొంది!

ఇంతవరకు సంతోషమే. కాని సముద్రం పక్కవాణ్ణి గదా, నాకు వెంటనే తుప్పు జ్ఞాపకం వచ్చింది. ఇనుమూ, నీరూ, గాలీ కలిస్తే తుప్పు. ఉప్పు తోడైతే మరీ త్వరగా. పైగా తుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. పొలుసై ఊడుతుంది, ఊడినచోట లోపలి ఇనుము బయటపడుతుంది, మళ్లీ తుప్పు. నున్నని విగ్రహం మీద వాన జారిపోతుంది. ముక్కలు అతికిన విగ్రహంలో అడుగడుగునా సందులే. ప్రతి సందులోనూ నీరు నిలుస్తుంది. కనుక రంగు వేయాలి. ఒకసారి కాదు, ఎప్పటికప్పుడు చూసి వేస్తూ ఉండాలి.

2019లో ఢిల్లీలో సుమారు 150 టన్నుల తుక్కుతో ప్రపంచపు ఏడు వింతల నమూనాలు కట్టి పార్కు తెరిచారు. మన పట్టణాలలోనూ కూడళ్లలో ఇనప బొమ్మలు లేస్తున్నాయి. మంచిదే. అయితే ఆవిష్కరణనాడు పూలదండ తెచ్చేవారు చాలామంది. మూడో ఏట రంగు డబ్బా తెచ్చేదెవరు?

చండీగఢ్‌లో నేక్‌చంద్‌గారు 1957లో మొదలుపెట్టి, పగిలిన గాజులతో, పింగాణీ పెంకులతో ఎవరికీ తెలియకుండా ఒక లోకాన్నే కట్టారు. 1976లో దాన్ని జనానికి తెరిచారు. అంతటి తోటకి కూడా 1996లో ఆయన విదేశాలలో ఉన్న సమయంలో దిక్కు లేకపోయింది. అల్లరి మూకలు బొమ్మలు పగలగొట్టాయి. చేసిన చేతులకున్న విలువే చూసుకొనే చేతులకీ ఉందన్నమాట.

కూడలిలో బొమ్మ నిలబెట్టే పెద్దలకి నా మనవి ఒక్కటే. దిమ్మె ఖర్చు రాసిన కాగితం మీదనే ఏటేటా రంగు ఖర్చు కూడా రాయండి. లేకపోతే తుక్కునుంచి వచ్చిన బొమ్మ తిరిగి తుక్కులోకే పోతుంది. ఈసారి ఉల్లిపాయలు కూడా రావు.

తిరుగు రైల్లో మావాడు అడిగాడు: "తాతయ్యా, ముత్తాత సైకిలు కూడా ఏ బొమ్మలోనో ఉండి ఉంటుందా?"

"లేదురా. అది అతకడానికి పనికిరాకుండా నేనే చేశాను" అన్నాను.

ఇల్లు చేరాక వాడు తన సైకిలెక్కి వీధులన్నీ తిరిగివచ్చి, దాన్ని వాకిట్లో పడేసి లోపలికి పరుగెత్తబోయాడు. పిలిచి గుడ్డా, నూనె డబ్బా చేతికిచ్చాను.

"అన్నం తిన్నాక తుడుస్తాను తాతయ్యా."

"కాదు నాయనా, ముందు."