నెల తప్పాక మాత్రా?

వాడలో వెన్నుమీద గడ్డతో బిడ్డ పుడితే ఊరంతా ఒకటే మాట: పూర్వజన్మ పాపం! పెదవి చీలి పుడితే దానికి పేరే గ్రహణమొర్రి. గ్రహణం నాడు తల్లి కత్తి పట్టిందట! అయ్యా, గ్రహణం ఊరికీ వాడకీ ఒక్కటే. కూలికి పోకపోతే పొయ్యి వెలగని తల్లినే బోనెక్కిస్తారేం?

ఈ కర్మ సిద్ధాంతం మాకు కొత్త కాదు. మా ఆకలికీ అదే కారణమన్నారు, మా అంటరానితనానికీ అదే కారణమన్నారు. ఇప్పుడు మా బిడ్డల వెన్నుకీ అదేనంటున్నారు. మేము ఒప్పుకోం.

గర్భం నిలిచిన 28 రోజుల్లోపే బిడ్డ మెదడూ, వెన్నుపామూ తయారయ్యే గొట్టం మూసుకోవాలి. తల్లి ఒంట్లో ఫోలిక్ ఆమ్లం చాలకపోతే అది మూసుకోకుండా పోయే ప్రమాదం పెరుగుతుంది. అలాంటి బిడ్డను ఒకసారి కన్న తల్లులకు మళ్లీ గర్భానికి ముందు నుంచే ఆ మాత్ర ఇస్తే, లోపం 72 శాతం తగ్గిందని బ్రిటన్ వైద్య పరిశోధన మండలి 1991లోనే తేల్చింది. అమెరికా 1998 నుంచి పిండిలోనే దాన్ని కలపడం తప్పనిసరి చేసింది. అక్కడ ఈ లోపాలు తగ్గాయి.

మరి మన దగ్గర? నెల తప్పి, నర్సమ్మ కార్డు రాసి, చేతిలో మాత్రలు పెట్టేసరికి ఆ 28 రోజులు ఎప్పుడో దాటిపోతాయి. ఆ మాత్రలు రక్తానికి మంచివే, మింగాల్సిందే. కానీ వెన్నుకి ఆలస్యం! 2018 నాటి అనీమియా ముక్త్ భారత్ పథకంలో 20 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లకు వారానికో ఐరన్, ఫోలిక్ మాత్ర అని రాసే ఉంది. మా వాడలో కొత్త కోడళ్లను అడగండి, ఎన్ని వారాలు అందిందో!

అన్ని లోపాలూ మాత్రతో ఆగవని మాకు తెలుసు. లోపంతో పుట్టిన బిడ్డా మా బిడ్డే, తలెత్తుకు బతకాల్సిన మనిషే. అలాంటి పిల్లల్ని వెతికి ఉచితంగా వైద్యం చేయించడానికే 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పెట్టారు. ఆ బండి వాడ మలుపు దాకా వచ్చి ఆగిపోతే కుదరదు.

ప్రసూతి సాయం భారాన్ని చాలావరకు ప్రభుత్వమే మోయాలని 1928లోనే బాబాసాహెబ్ బొంబాయి శాసనమండలిలో వాదించారు. మేమడిగేది దానం కాదు, ఆ బాకీ. పెళ్లీడు ఆడపిల్ల నుంచి మొదలుపెట్టి ప్రతి ఇంటికీ మాత్ర రావాలి. అక్కలారా, చెల్లెళ్లారా! సబ్‌సెంటర్ గడప ఎక్కుదాం. పాపం లెక్క కాదు, మాత్రల లెక్క అడుగుదాం!