రసాయన శాస్త్రానికి తెలుగు చాలదా?

తెలుగులో కథలు చెప్పుకోవచ్చు గాని ఉన్నత విజ్ఞానం చెప్పలేమన్న మాట ఈనాటికీ వినబడుతూనే ఉన్నది. మా సర్జాపుర వంటి పొరుగు నేలలో ఈ మాట చేసే కీడు మరీ ఎక్కువ. ఇక్కడ ఎన్నో ఇళ్లలో నుడి తెలుగు, బడిలో కన్నడం లేదా ఇంగ్లీషు, కళాశాలలో ఇంగ్లీషు. కన్నడం మాకు పరాయిది కాదు, ఈ నేల భాషను నేర్వడం మా బాధ్యత. అయితే రసాయన శాస్త్రంలో పట్టా పుచ్చుకొన్న బిడ్డ తాను చదివినదేమిటో కన్నతల్లికి చెప్పలేకపోతే అది భాష లోపమా, మన అలసత్వమా? అలసత్వమేనని నా వాదన. నిరూపణకు కఠినమైన అంశాన్నే తీసుకొంటాను: లోహ సంశ్లిష్టాల ఉష్ణస్థిరత్వం, వాటి వియోగ వేగం.

ఒక లోహపు అయాను చుట్టూ ఇతర అణువులో అయాన్లో చేరి దానితో బంధం ఏర్పరచుకొంటే అది లోహ సంశ్లిష్టం. రైతులెరిగిన మైలుతుత్తమే ఇందుకు ఉదాహరణ. ద్రాక్షతోటలలో బూజు తెగులుకు చల్లే బోర్డో మిశ్రమంలో సున్నంతో కలిపేది దీనినే. దీని స్ఫటికంలో ఒక్కొక్క రాగి అయానుకు ఐదు నీటి అణువులుంటాయి. నాలుగు రాగిని నేరుగా పట్టుకొని ఉంటాయి. ఐదవది హైడ్రోజన్ బంధాలతో సల్ఫేటును అంటిపెట్టుకొంటుంది. వేడిచేస్తే ఈ నీరంతా ఒక్కమారే పోదు. మొదట రెండు, తరువాత రెండు పోతాయి. చివరిదానికి 200 డిగ్రీల సెంటిగ్రేడు దాటిన వేడి కావాలి. అప్పటికి నీలిరంగు పోయి తెల్లని పొడి మిగులుతుంది. 100 గ్రాముల తుత్తం 64 గ్రాములవుతుంది. 600 డిగ్రీలు దాటాక సల్ఫేటు కూడా విడిపోయి నల్లని కాపర్ ఆక్సైడు మిగులుతుంది. ఏ దశ ఎంత వేడి దాకా చెదరక నిలుస్తుందో చెప్పేదే ఉష్ణస్థిరత్వం.

ఇక వేగం సంగతి. పదార్థాన్ని కొలిమికి అమర్చిన తక్కెడలో ఉంచి, నిమిషానికి ఇన్ని డిగ్రీలని వేడి పెంచుతూ, తగ్గే బరువును గీతగా గీస్తారు. నిమిషానికి 5 డిగ్రీలకు బదులు 20 డిగ్రీలు పెంచితే ప్రతి దశా మరింత పై ఉష్ణోగ్రత వద్ద కనబడుతుంది. ఈ తేడానుబట్టి, పదార్థం విడిపోవడానికి దాటవలసిన శక్తి గట్టును, అనగా ఉత్తేజన శక్తిని, లెక్కగట్టే పద్ధతిని కిస్సింజర్ 1957లో ప్రకటించాడు.

ఇంతవరకు చెప్పినదానిలో అర్థం కానిదేమున్నది? అయాను, సల్ఫేటు, ఆక్సైడు వంటివి లోకమంతటికీ ఉమ్మడి మాటలు, ఉండనిద్దాం. వియోగం పాఠ్యపుస్తకాలలోని మాట. తక్కెడ, కొలిమి, గట్టు మన ఇంటి మాటలు.

దేశభాషలో ఉన్నత శాస్త్రబోధన మన నేలకు కొత్త కాదు. 1918లో హైదరాబాదులో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో బోధించింది. అందుకై 1917లోనే అనువాద సంస్థను నెలకొల్పారు. పాలకులు తలచుకొంటే ఎంతటి శాస్త్రమైనా దేశభాషలోకి వస్తుందనడానికి అదే సాక్ష్యం. తెలుగు ప్రజలకు ఆ భాగ్యం తమ భాషలో దక్కలేదు. 1968లో స్థాపితమైన తెలుగు అకాడమి డిగ్రీ పుస్తకాలనూ పారిభాషిక పదకోశాలనూ వెలువరించింది. ఆ పదాలను వాడుకలోకి తేవలసినవారం మనం. జపానులో హోండా కోటారో 1915లోనే ఇటువంటి ఉష్ణతక్కెడను రూపొందించాడు. ఆ దేశపు విద్యార్థులు నేటికీ రసాయన శాస్త్రాన్ని జపాను భాషలోనే చదువుతున్నారు.

ఇంగ్లీషు మానమని నేననడం లేదు. తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు ప్రతి పరిశోధన గ్రంథానికీ పది పుటల తెలుగు సారాంశాన్ని తప్పనిసరి చేయాలి. బెంగళూరులోని తెలుగు సంఘాలు ఉగాది సభలకు పెట్టే ఖర్చులో కొంత ఇటువంటి చిన్న పుస్తకాలకు కేటాయించాలి. ఈ పత్రిక నెలకు రెండు పుటలు శాస్త్రానికి విడిచిపెడితే, మొదటి వ్యాసం రాయడానికి నేను సిద్ధంగా ఉన్నాను.