సర్వేయరు వచ్చేవరకు



తుఫాను వెలిసిన మరునాడు అందరం ఇల్లు శుభ్రం చేయడానికి పూనుకొంటాం. బీమా ఉన్నవారు కాస్త ఆగాలి. విరిగిన రేకులు, తడిసిన బస్తాలు, కాలిన మోటారు మీ సాక్షులు. వెంటనే కంపెనీకి తెలియజేసి, ఫోటోలు తీయించి, సర్వేయరు చూచేవరకు వాటిని పారవేయకండి. మృగము చీల్చిన పశువు విషయంలో మిగిలిన భాగాన్నే సాక్ష్యంగా తేవాలని నిర్గమకాండము 22వ అధ్యాయం చెప్పుచున్నది గదా! మోషే నాటికే ఈ లెక్క ఉన్నదన్నమాట.

సర్వేయరును కంపెనీయే నియమిస్తుంది గాని, అతడు లైసెన్సు గలవాడు, ఉన్నది ఉన్నట్టు వ్రాయవలసినవాడు. మనవాళ్లు నొచ్చుకొనేది కోత దగ్గర. 4 లక్షల సరుకున్న కొట్టుకు 2 లక్షలకే బీమా కడితే, లక్ష నష్టానికి సాధారణంగా 50 వేలే లెక్కకు వస్తుంది. పాలసీలో ముందే వ్రాసి ఉన్న షరతు ఇది. ఇళ్లకు 2021 ఏప్రిల్ నుండి వచ్చిన భారత్ గృహ రక్షలో మాత్రం ఈ కోత లేదు.

ఎలాగూ తగ్గిస్తారులే అని 10 బస్తాలను 20 అని వ్రాయించేవారున్నారు. సాక్షి సంతకానికి పాస్టరు దగ్గరకే వస్తారు! నేను పెట్టను. అననీయ దాచాడు, వీరు కలుపుతున్నారు, అంతే తేడా. అబద్ధం బయటపడితే నిజంగా పోయిన 10 బస్తాలకూ డబ్బు రాకపోవచ్చు.

అన్యాయం జరిగిందనిపిస్తే సర్వేయరు నివేదిక ప్రతి అడగండి. ముందు కంపెనీకి వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెలలోగా జవాబు రాకున్నా, వచ్చినది తృప్తిగా లేకున్నా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు వ్రాయవచ్చు. రుసుము లేదు, ప్లీడరు అక్కరలేదు.