ఎనిమిదికి ఎనిమిది, నడుమ మల్కాజ్‌గిరి

2024 జూన్ 4న లోక్‌సభ ఫలితాలు వెలువడినప్పుడు తెలంగాణలోని 17 స్థానాలలో కాంగ్రెసుకు 8, భాజపాకు 8, మజ్లిస్‌కు 1 దక్కాయి. "ప్రజలు సరిసమానంగా చీలిపోయారు" అన్న మాట ఆ సాయంత్రం నుంచి చాలాకాలం వినబడింది. అది నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. సరిసమానంగా పంచబడినవి సీట్లు మాత్రమే. ఓట్లలో కాంగ్రెసుకు నూటికి 40, భాజపాకు 35 వచ్చాయి. సుమారు 17 శాతం ఓట్లు తెచ్చుకున్న భారాసకు ఒక్క స్థానమూ రాలేదు. మహబూబ్‌నగర్‌లో డి.కె. అరుణ గెలిచినది 4,500 ఓట్ల తేడాతో. అందులో సగానికి ఒక్కటి ఎక్కువగా అటు మొగ్గి ఉంటే లెక్క 9–7 అయ్యేది. అప్పుడు అదే వ్యాఖ్యాతలు "విస్పష్టమైన తీర్పు" అని ఉండేవారు కాదా?

ఢిల్లీలోనూ అంతే. 272 కావలసిన చోట భాజపా 240 దగ్గర ఆగిపోయి, 16 మంది తెదేపా సభ్యుల వైపు చూడవలసి వచ్చింది. అంత పలుచని అంచు మీద నిలిచే ప్రభుత్వాల కాలంలో ఒక్కొక్క నియోజకవర్గపు కథ తెలుసుకోదగినదే. తార్నాక వాళ్ళకు అది మరీ దగ్గరి కథ. తార్నాక సికిందరాబాదు లోక్‌సభ స్థానంలో ఉంటుంది. అక్కడినుంచి ఉప్పల్ దారిన నడిచి హబ్సిగూడ చేరితే మల్కాజ్‌గిరిలో పడతాము. ఒకే కూరగాయల బజారు, ఒకే బస్సు, ఇద్దరు ఎంపీలు.

2008 నాటి పునర్విభజనలో పుట్టిన ఈ మల్కాజ్‌గిరి విచిత్రమైనది. 2009లో కాంగ్రెసును, 2014లో తెదేపాను, 2019లో మళ్ళీ కాంగ్రెసును, 2024లో భాజపాను గెలిపించింది. రాష్ట్రాన్ని దాదాపు పదేళ్ళు ఏలిన తెరాసకు మాత్రం ఒక్కసారీ చిక్కలేదు. (2014లో 28 వేల పైచిలుకు ఆధిక్యంతో తెదేపా తరఫున గెలిచిన మల్లారెడ్డి రెండేళ్ళకే తెరాసలో చేరారు కాబట్టి, చిక్కలేదనడం కూడా పూర్తిగా సరికాదేమో!)

అన్నిటికన్నా 2019 ఫలితమే నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తుంది. 2018 డిసెంబరులో కొడంగల్‌లో ఓడిపోయిన రేవంత్ రెడ్డి, అయిదారు నెలల తరువాత ఇక్కడ 6,03,748 ఓట్లు పొంది 10,919 ఓట్ల తేడాతో గెలిచారు. పోలయిన ఓట్లలో అది నూటికి ఒకటి కూడా కాదు. ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లకు పంచితే ఒక్కోదానికి 1,560 వస్తాయి. ఆయన 2023 డిసెంబరులో ముఖ్యమంత్రి అయ్యారు. నడుమ ఈ మెట్టు లేకపోతే ఏమయ్యేదో ఎవరు చెప్పగలరు? అదే ఎన్నికలో ఇంట్లో కూర్చున్నవారు మాత్రం సుమారు పదిహేను లక్షలు.

"అంత పెద్ద సముద్రంలో నా ఓటెంత?" అని చదువుకున్నవాళ్ళే అంటూ ఉంటారు. 1989లో అనకాపల్లిలో కొణతాల రామకృష్ణ 9 ఓట్ల తేడాతో లోక్‌సభకు ఎన్నికైన సంగతి తెలుగువాళ్ళమై ఉండి మనమెలా మరచిపోతాము?

అయితే ఓటు వేయనివారిని తిట్టి చేతులు దులుపుకోవడం నాకిష్టం లేదు. 2024 మే 13న రెండు రాష్ట్రాలలోనూ ఒకేరోజు పోలింగు జరిగినందున చాలామంది విజయవాడ దారి పట్టారు, నిజమే. విశ్వవిద్యాలయపు హాస్టళ్ళలోనూ సొంత ఊళ్ళలో ఓటున్న పిల్లలు చాలామందే ఉంటారు. కానీ 2014లో రెండు ప్రాంతాలకూ వేర్వేరు తేదీలలో పోలింగు జరిగింది. అప్పుడూ ఇక్కడ పోలయినది సగానికి కాస్త అటూఇటూనే. కనుక ప్రయాణాలొక్కటే కారణం కాదు. పాత పేర్లు తొలగించని జాబితాలు ఒక కారణమని నా అనుమానం. రెండవది ఈ నియోజకవర్గపు కొలత.

2024లో ఇక్కడ ఓటర్లు 37 లక్షలు దాటారు. అదే రాష్ట్రంలో మహబూబాబాద్‌లో దాదాపు 15 లక్షలు. అంటే అక్కడి ఒక ఓటు బరువులో ఇక్కడి ఓటు సగం కూడా తూగదు. ఈటల రాజేందర్‌గారి 3,91,475 ఓట్ల ఆధిక్యం ఘనమైనదే, కానీ ఎల్.బి. నగర్ మొదలుకొని మేడ్చల్ దాకా విస్తరించిన ఇంతమందికి ఒక్క మనిషి ఎలా ప్రతినిధి కాగలడు? ఆయనే కాదు, ఎవరైనా సరే.

పునర్విభజన అనగానే దక్షిణాది సీట్లు తగ్గుతాయన్న భయం మొదలవుతుంది. ఆ భయం న్యాయమైనదే. కానీ రాష్ట్రాల వాటా ముట్టుకోకుండా లోపలి సరిహద్దులు మాత్రమే సరిచేయవచ్చు. 84వ రాజ్యాంగ సవరణ రాష్ట్రాల వాటాను 2026 తరువాతి తొలి జనగణన దాకా మార్చకుండా ఉంచింది. అయినా 2008లో లోపలి హద్దులు మారాయి, మల్కాజ్‌గిరి పుట్టిందే అలా. 2001 జనాభాతో కొలిచి కుట్టిన చొక్కా అది. ఆ తరువాత కూకట్‌పల్లి, కుత్బుల్లాపూర్, ఉప్పల్ ఎంత పెరిగాయో చూసినవారికి చెప్పనక్కరలేదు. పదిహేడు స్థానాలను పదిహేడుగానే ఉంచి ఈ ఒక్కదానిని రెండుగా విడదీయడానికి ఏ ఉత్తరాది రాష్ట్రంతోనూ తగాదా పడనవసరం లేదు. ఇందుకు మన ఊళ్ళలోనే కొన్ని పాత స్థానాలు కలిసిపోవలసి వస్తుంది. బహుశా అందుకే కాబోలు, ఏ పార్టీ వారూ ఈ మాట ఎత్తగా నేను వినలేదు.