పాత క్రేన్‌కు పేరొక్కటే చాలదు

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో 1902లో ఓడల కంపెనీగా మొదలైన మానిటోవాక్, 1920ల నుంచి క్రేన్లు తయారు చేస్తోంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా నౌకాదళానికి 28 జలాంతర్గాములు కట్టి ఇచ్చింది. అలాంటి సంస్థ క్రేన్లు దశాబ్దాలు పనిచేశాక కూడా చేతులు మారుతున్నాయంటే ఆశ్చర్యం లేదు. కొత్తది కొనే స్తోమత లేని కాంట్రాక్టరు పాతదాని వైపు చూడటాన్ని తప్పుపట్టలేం. పేరు చూసి బయానా ఇచ్చేయడమే ప్రమాదం.

గొలుసు పట్టాలపై కదిలే క్రాలర్ క్రేన్ బూమ్‌ను, అంటే బరువెత్తే పొడవాటి చేతిని, దగ్గర నుంచి చూడాలి. నాలుగు మూలల్లో పొడవునా సాగే ఉక్కు గొట్టాలే బరువు మోస్తాయి. వాటిలో ఒక్కదానికి సొట్ట పడినా, లోడ్ చార్టులో రాసిన బరువు ఎత్తుతుందన్న భరోసా పోయినట్టే. కంపెనీ పద్ధతి తెలియని చేత్తో వెల్డింగ్ చేయిస్తే ఆ వేడికి ఉక్కు బలం తగ్గుతుంది. పైన కొత్త రంగు పూస్తే అతుకు కంటికి ఆనదు. అందుకే సీరియల్ నంబరుకు సరిపడే లోడ్ చార్టు, మరమ్మతుల రికార్డు చేతికి రాకుండా బేరం తెగకూడదు.

2020 ఆగస్టు 1న విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో లోడ్ పరీక్ష వేళ క్రేన్ కూలి 11 మంది చనిపోయారు. పాత క్రేన్‌ను పరీక్షించేవారు ఇంకెంత జాగ్రత్తపడాలి! బరువులెత్తే యంత్రాలను ఏడాదికోసారైనా అర్హుడైన నిపుణుడు క్షుణ్ణంగా తనిఖీ చేయాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. ఆ తనిఖీ సర్టిఫికెట్ ఆఫీసు ఫైల్లో కాక, కింద పనిచేసే కూలీలకు కనబడేలా క్యాబిన్ మీదే ఉండాలని ప్రభుత్వాలు ఆదేశించాలి.